నా చెయ్యి వణికిన ఏడాది

ముల్లు తీయడం నాకెవరూ నేర్పలేదు. మాది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. మా వీధిలో సగం మంది చెప్పులు లేకుండానే చేన్లకు పోయి వచ్చేవాళ్ళు. సాయంత్రం అయ్యేసరికి ఎవరో ఒకరు కాలు చేత పట్టుకుని మా అరుగు మీద కూర్చునేవాళ్ళు. కంపముల్లు అరికాల్లో విరిగితే పైకి కనిపించదు. నేను వేలితో అక్కడా ఇక్కడా నొక్కి చూసి, "ఈడ" అనేదాన్ని. పిన్నీసు కొనతో తోలు కొంచెం పక్కకు జరిపి ముల్లు బయటికి లాగేదాన్ని. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. వచ్చినవాళ్ళు కాలు దులుపుకుని లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఎవరూ మెచ్చుకున్నట్టు గుర్తు లేదు. అందులో మెచ్చుకోవడానికి ఏముందని నాకూ అనిపించలేదు.

ఆ ఒక్క పని తప్ప మిగతా అన్నిటికీ భయపడే పిల్లను నేను. పరీక్షలంటే జ్వరం వచ్చేది. బస్సెక్కితే దిగాల్సిన చోటు దాటిపోతుందేమోనని దారి పొడవునా కిటికీలోంచి చూస్తూనే ఉండేదాన్ని. పెళ్ళయ్యాక, ఇంటికి తాళం వేసి వీధి మొగదాకా పోయి, గ్యాసు కట్టేశానో లేదోనని మళ్ళీ వెనక్కి వచ్చేదాన్ని. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసే నా మొగుడు వీధిలో నిలబడి, "నీ పానం యాడ పెట్టుకోని పుట్టినావు మ్మే?" అని నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. ఆ భయం పొద్దున లేచినప్పటి నుంచీ కడుపులో ఒక మూల కూర్చునే ఉండేది.

నర్సింగు చదివి, ప్రొద్దుటూరులో ఒక పిల్లల ఆసుపత్రిలో చేరాను. చిన్న ఆసుపత్రే. కింద డాక్టరు గది, మందుల అంగడి, పైన వార్డు. అక్కడ అందరికంటే పెద్ద నర్సును మేమందరం సిస్టరక్క అనేవాళ్ళం. యాభై దాటిన మనిషి. మాట కరుకు, నడక వేగం. ఎండాకాలం వస్తే వార్డు నిండా వాంతులు, విరేచనాల పిల్లలే. ఒంట్లో నీళ్ళు పోయిన పసిబిడ్డకు సెలైన్ ఎక్కించాలంటే నరం దొరకాలి. నీళ్ళు లేక ఆ నరం లోపలికి ముడుచుకుపోయి ఉంటుంది. దొరికినా సూది తగలగానే పక్కకు జారుతుంది. బిడ్డ గింజుకుంటుంది, తల్లి ఏడుస్తుంది. పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో పనిచేసి వచ్చినవాళ్ళు కూడా అక్కడ చెమటలు కక్కేవాళ్ళు.

చేరిన రెండో నెలలో ఒక మధ్యాహ్నం సిస్టరక్క ఒక బిడ్డ దగ్గర చిక్కుకుని ఉండగా ఇంకో బిడ్డను తెచ్చారు. ఏడు నెలల పిల్ల. కళ్ళు గుంటలు పడిపోయి ఉన్నాయి. సిస్టరక్క తల తిప్పకుండానే, "ఏయ్ పాపా, ఆ బిడ్డను నువ్వు చూడు" అంది. నేను బిడ్డ చెయ్యి పట్టుకున్నాను. మణికట్టు పైన వేలు పెట్టి నెమ్మదిగా జరిపాను. నరం కంటికి కనబడలేదు. వేలి కింద మాత్రం, తడిసిన దారం మీద చెయ్యి పెట్టినట్టు, ఒకచోట కొంచెం ఎగిరినట్టు తెలిసింది. సూది అక్కడికి పోయింది. వెనక గొట్టంలోకి నెత్తురు చుక్క వచ్చింది, నరం దొరికిందని గుర్తు.

ఆ కొన్ని క్షణాలూ నా కడుపులో భయం లేదు. ఉండాల్సిన చోట అది లేకపోవడం నాకే వింతగా అనిపించింది. ఇరవై రెండేళ్ళ నా బతుకులో అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేను.

సిస్టరక్క వచ్చి చూసింది. చేతులు కడుక్కుంటూ, "రేపట్నించి చిన్నబిడ్డలను నువ్వే చూసుకో" అని వెళ్ళిపోయింది.

అట్లా చాలా ఏళ్ళు గడిచాయి. ఆసుపత్రిలో నాకు వేరే పేరేమీ రాలేదు. ఎవరికైనా నరం దొరక్కపోతే మెట్ల దగ్గర నిలబడి కేకేసేవాళ్ళు, నేను పోయేదాన్ని. పని అయ్యాక వచ్చి నా అన్నం గిన్నె ముందు మళ్ళీ కూర్చునేదాన్ని. బయట నా భయాలు నాకుండేవి. లోపల, బిడ్డ చెయ్యి పట్టుకున్న ఆ నిమిషం మాత్రం నాది.

ఆ తర్వాత ఒక వేసవిలో పదకొండు నెలల ఆడబిడ్డను తీసుకొచ్చారు. అప్పటికే రెండు చోట్ల తిరిగి వచ్చారు. బిడ్డ రెండు చేతుల మీదా, ఒక కాలి మీదా దూది ముక్కలు అంటించి ఉన్నాయి. తల్లి బురఖా అంచుతో మొహం తుడుచుకుంటూ ఉంది. బిడ్డ తండ్రి కువైట్‌లో ఉన్నాడు. వెంట వచ్చింది బిడ్డ మేనమామ. అతను ఫోను పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"ఏందప్పా అది?" అన్నాను.

"మా బావకు చూపియ్యాల సిస్టర్. ఆడ తిండి మానేసి కూర్చోనుండాడు."

సరేనన్నాను. కువైట్‌లో కూర్చుని బిడ్డ ఏడుపు ఫోనులో వినే మనిషి గురించి ఆలోచిస్తే కాదనడానికి మనసొప్పలేదు. బిడ్డ రెండో కాలు చేతిలోకి తీసుకున్నాను. చీలమండ ముందు వైపు వేలు ఆగింది. ఒక్క సూదికే అయిపోయింది. గంట తిరక్కుండానే బిడ్డ నిద్రపోయింది.

ఆ వీడియో ముందు తండ్రి ఫోనుకు పోయింది. ఆయన తన గదిలో ఉండేవాళ్ళకు పంపాడు. వాళ్ళు తమ తమ ఊళ్ళకు పంపారు. మూడు రోజుల్లో అది కువైట్ నుంచి తిరిగి ప్రొద్దుటూరుకు వచ్చేసింది. వెనక ఏదో సంగీతం, పైన ఎర్రటి అక్షరాలతో 'ఒక్క సూదితో ప్రాణం పోసిన సిస్టర్' అని రాసి. బస్సులో ఎవరో ప్రయాణికుడు నా మొగుడికే దాన్ని చూపించాడట. ఆ రోజు ఇంటికి వస్తూనే గుమ్మంలో నిలబడి, "ఏమ్మే, నీ చేతులు ఎర్రగుంట్ల దాకా పోయినాయి తెలుసునా?" అన్నాడు. ఆయన కళ్ళల్లో అంత సంతోషం నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు.

ఆసుపత్రి వ్యవహారాలు చూసే మేనేజరు గేటు పక్కన ఫ్లెక్సీ కట్టించాడు. డాక్టరుగారి బొమ్మ ఎంతుందో నాదీ అంతే ఉంది. చేతులు జోడించి నవ్వుతున్నాను. ఆ ఫోటో నా పెళ్ళి ఆల్బంలోంచి తీసుకున్నారు.

నాకు బాగుండలేదని చెబితే అబద్ధం. బాగుండింది. కూరగాయల అంగట్లో ఒకామె గుర్తుపట్టి చేయి పట్టుకుంది. మా అత్త పక్కింటివాళ్ళకు వీడియో చూపించడానికి ఫోను వాడటం నేర్చుకుంది. నేనూ చూశాను. ఎన్నిసార్లు చూశానో చెప్పాలంటే సిగ్గు. కింద జనం రాసిన మాటలన్నీ చదివాను. వందల మంచి మాటల నడుమ ఒకడు 'ఇదంతా యాక్టింగ్' అని రాశాడు. రెండు రోజులు నా మనసంతా ఆ ఒక్కడి చుట్టూ తిరిగింది. ఇంకోటి కూడా జరిగింది. నరం వెతికేటప్పుడు నా చూపుడువేలు కొంచెం వంకరగా పెడతానని ఆ వీడియోలోనే మొదటిసారి చూశాను. అన్నేళ్ళలో నా వేలు ఎట్లా వంగుతుందో నాకు తెలియదు. తెలియకుండా ఉంటేనే బాగుండేదని తర్వాత అనుకున్నాను.

జనం పేరు తెలియక, "ఆ ఫ్లెక్సీలో ఉండే సిస్టరమ్మ కావాల" అని అడగడం మొదలుపెట్టారు. ముందు గర్వంగా ఉండేది. పోనుపోను, కింద గేటు చప్పుడైతే చాలు, చెవులు అటే పోయేవి. వచ్చింది నాకోసమేనా, బిడ్డ ఎన్ని నెలలదో, ఎంత ఎండిపోయి ఉందో అని బిడ్డను చూడకముందే లెక్కలు వేసేదాన్ని. వార్డులోకి అడుగుపెట్టేటప్పుడు భయం గుమ్మం బయటే ఆగేది కదా, ఇప్పుడు అది నాతోపాటు లోపలికి రావడం మొదలుపెట్టింది.

మైలవరం వైపు నుంచి ఒక కుటుంబం వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. అయిదు నెలల మగబిడ్డ. తండ్రి, అవ్వ, ఇంకో ఇద్దరు బంధువులు. అవ్వ నా మొహం లోకి తేరిపార చూసి, "ఈయమ్మేనా పటంలో ఉండేది?" అంది.

"ఈమేలేమ్మా. ఒక్క పోటుకే దొరకబట్టుకుంటాది, చూడు" అన్నాడు తండ్రి. అని ఫోను తీశాడు. బంధువు కూడా తీశాడు.

బిడ్డ చెయ్యి పట్టుకున్నాను. నా చూపుడువేలు కనబడింది. వంకరగానే ఉంది. కొంచెం ఎక్కువ వంగిందేమో అనుకున్నాను. ఆ వేలు వైపు చూస్తూనే సూది పెట్టాను. నెత్తురు రాలేదు. రెండో చెయ్యి తీసుకున్నాను. అక్కడ నెత్తురు వచ్చింది గానీ వెంటనే నరం చిట్లి చర్మం కింద చింతగింజంత ఉబ్బింది. బిడ్డ గొంతు బొంగురుపోయింది. నా మెడ వెనక చెమట కారుతోంది. కాలికి మార్చాను. మూడోసారీ లేదు. తండ్రి ఫోను కిందికి దించి, పక్క మనిషితో మెల్లగా, "ఈమేనా?" అన్నాడు.

సిస్టరక్క ఎవరు పిలిస్తే వచ్చిందో తెలియదు. నన్ను నడుముతో పక్కకు తోసి బిడ్డ దగ్గర వంగింది. బిడ్డ కాలిని వేణ్ణీళ్ళ గుడ్డతో చుట్టి కాసేపు ఊరికే పట్టుకుని కూర్చుంది. తర్వాత సూది పెట్టింది. దొరికింది. నేను గోడకు ఆనుకుని నిలబడి చూశాను. బిడ్డకు ఏమీ కాలేదు, మూడో రోజుకు నవ్వుతూ ఇంటికి పోయాడు. నన్ను ఎవరూ తిట్టలేదు కూడా.

ఆ సాయంత్రం మెట్ల మీద సిస్టరక్క నన్ను ఆపింది.

"నీకేమైందో తెలుసునా? నువ్వు బిడ్డ చెయ్యి చూల్లేదు. నిన్ను నువ్వు చూసుకుంటాంటివి."

నాకు ఏడుపు వచ్చింది. ఆమె ఓదార్చలేదు. "పో, పోయి మొగం కడుక్కో" అంది.

ఆ రోజుతో పోయేదైతే ఈ కథ రాయాల్సిన పని లేదు. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ తప్పాను. ఆ తర్వాతి వారం రెండుసార్లు. నడుమ దొరికినవి చాలానే ఉన్నాయి, అవి మనసులో నిలవలేదు. పొద్దున బ్రష్ చేసుకునేటప్పుడు చెయ్యి ముందుకు చాపి వణుకుతోందో లేదో చూసుకునేదాన్ని. చూస్తే వణికేది. టీ గ్లాసు పట్టుకోవడానికి రెండు చేతులూ వాడాను. ఆసుపత్రి వీధి మలుపు తిరిగి ఫ్లెక్సీ కనబడగానే తల దించుకుని నడిచేదాన్ని. ఆ పటంలో నవ్వే మనిషి ఎవరో నాకు తెలియదనిపించేది. పైనుంచి పిలుపు వస్తే బాత్రూంలోకి పోయి తలుపు వేసుకుని, ఇంకెవరైనా చూసుకుంటారులే అని నీళ్ళ చప్పుడు వింటూ నిలబడిన రోజులున్నాయి. బయట బిడ్డ ఏడుస్తూనే ఉండేది.

మా అత్తకు అనుమానం లేదు. "అంతమంది కండ్లు పడినాక దిష్టి తగలకుండా ఉంటాదా?" అంది. ఒక శనివారం గండి గుడికి తీసుకుపోయింది. పాపఘ్ని ఏట్లో నీళ్ళు పాదాలకు తగిలేంతే ఉన్నాయి. ఆంజనేయస్వామి ముందు నన్ను నిలబెట్టి కుడి మణికట్టుకు దారం కట్టించింది. నేను మొక్కుకున్నాను. ఏమని మొక్కుకోవాలో తెలియక, నా చేతిని ముందులా చెయ్యి స్వామీ అని మాత్రం అడిగాను. తిరుగు బస్సులో ఆ దారం వైపే చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు దారం కట్టుకున్నాక కూడా తప్పితే ఏం చేయాలన్నది కొత్త భయం.

అట్లాంటి రోజుల్లోనే ఊళ్ళో ఒక సంఘంవాళ్ళు నాకు సన్మానం చేస్తామని వచ్చారు. మేనేజరుతో వద్దని చెప్పాను. తప్పుతున్నానని కూడా చెప్పాను.

"నాలుగు తప్పితే ఎవరికి తెలుస్తాదమ్మా? శాలువా కప్పుతారు, అంతే కదా. ఆసుపత్రికి పేరు" అన్నాడాయన.

నా మొగుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. వేదిక మీద మాట్లాడిన పెద్దమనిషి, "ఇంతవరకూ ఒక్కసారి కూడా గురి తప్పని చెయ్యి" అన్నాడు. చప్పట్లు కొట్టారు. శాలువా బరువుగా, గరుగ్గా ఉంది. మైకు నా చేతికిచ్చారు. అది వణకడం అందరికీ కనబడుతుందేమోనని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. నిజం చెప్పెయ్యాలనుకున్నాను. "అందరికీ నమస్కారం" అని మైకు తిరిగి ఇచ్చేశాను. వినయం అనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

మరుసటి రోజు ఒక బిడ్డ వచ్చింది. నేను కనీసం బిడ్డ చెయ్యి కూడా పట్టుకోలేదు. చిన్న నర్సుతో, "నాకు జ్వరంగా ఉంది, నువ్వు చూడు" అన్నాను. జ్వరం లేదు. ఆమె చూసింది, రెండోసారికి దొరికింది. ఆ మధ్యాహ్నమే డాక్టరుగారి దగ్గరకు పోయి పని మానేస్తున్నానని చెప్పాను. ఆయన మంచివాడు. "లీవు పెట్టుకోమ్మా, మానొద్దు" అన్నాడు. తల ఊపి వచ్చాను గానీ, మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు.

ఇంట్లో ఉంటే తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. పని చేసేటప్పుడు తప్పుతానని భయం, ఇంట్లో కూర్చుంటే ఇంక జన్మలో ఆ పని రాదేమోనని భయం. వంట చేస్తూ చేస్తూ నా ఎడమచేతి మణికట్టు మీద కుడిచేతి వేలు పెట్టి నరం వెతుక్కునేదాన్ని. నా మొగుడు ఒకరోజు అది చూశాడు. అప్పటిదాకా ఎవరైనా వీడియో సంగతి ఎత్తితే గర్వంగా చెప్పేవాడు. ఆ రోజు నుంచి మానేశాడు. "నీకు ఆ పని లేకుంటే తిండి పోయేట్టు లేదు" అన్నాడు మెల్లగా. "ఈడ కాకుంటే ఇంగోచోట. నేను డిపో మార్పించుకుంటా. నువ్వు ఊరికే ఇట్ల ఉండొద్దు."

ఆ వేసవి చివరికే సిస్టరక్క కూడా పని చాలించుకుని జమ్మలమడుగులో ఉన్న తన ఇంటికి వెళ్ళిపోయింది. ఆమెను చూడటానికి బస్సెక్కాను. ముప్పావుగంట దారి. ఏమడగాలో నాలుగుసార్లు మనసులో అనుకున్నాను. పోయేసరికి ఆమె నడవలో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి చాట నా వైపు జరిపింది. నేనూ ఒలవడం మొదలుపెట్టాను.

"చెయ్యి ఇంకా వణుకుతాందా?" అంది.

"వణుకుతాంది అక్కా. నీకెప్పుడన్నా తప్పిందా?"

ఆమె పగలబడి నవ్వింది. "ఎన్ని తప్పినానో నాకే తెలీదు. ఒకేడాది వరసగా తప్పినా. ఎవరూ వీడియో తీయలే గాబట్టి నీకు తెలీదు."

"భయం వెయ్యలేదా?"

"ఎందుకెయ్యదు? బిడ్డను ముట్టుకునేదాకా వేస్తాది. ముట్టుకున్నాక ఆ బిడ్డ ఒళ్ళు ఎంత కాలుతాందో, నాలిక ఎంత ఎండిందో, చూడను శానా ఉంటాది. నా గురించి చూసుకోను నాకు పొద్దు యాడుంటాది?" ఒలిచిన గింజలు చాటలో వేసి మళ్ళీ అంది. "ఒకటి అడుగుతా, నిజం చెప్పు. నీకు ఆ పని ఇష్టమా, ఆ పని నీకు వచ్చునని నలుగురూ అనుకోవడం ఇష్టమా?"

పనే ఇష్టమని అంటే ఆమె సంతోషిస్తుందని తెలుసు.

"రెండూ అక్కా" అన్నాను.

"అది నిజం మాట" అంది. "రెండోది ఉండేదే మనిషికి. అది ఉండాదని తెలుసుకోని పని చేయి. దానికి కూర్చోను పీట మాత్రం వేయొద్దు." వచ్చేటప్పుడు ఒలిచిన గింజలు సంచిలో పోసి ఇచ్చింది. నా చెయ్యి నయమవుతుందని గానీ, నువ్వు గొప్పదానివని గానీ ఒక్కమాట కూడా అనలేదు.

రెండు నెలలకు నా మొగుడికి పులివెందుల డిపోకు మార్పు దొరికింది. అక్కడ ఒక ఆసుపత్రిలో పిల్లల వార్డులో నర్సుగా చేరాను. ఎన్నేళ్ళు చేశావని అడిగితే చెప్పాను. ఏం బాగా వచ్చునని అడిగితే, అన్నీ కొంచెం కొంచెం అన్నాను. మాస్కు తియ్యకుండా పనిచేసేదాన్ని. జ్వరాలు చూసి కాగితంలో రాయడం, మందులు పొయ్యడం, పక్కలు మార్చడం. నరం పని వచ్చినప్పుడల్లా ఏదో సాకుతో బయటికి జారుకునేదాన్ని. ఎవరికీ తెలియకుండా ఉండటమే ఇప్పుడు నా గొప్పతనం అని కొన్నాళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. పేరు కోరుకోకపోవడం అంటే ఇదేననుకున్నాను. నిజానికి నేను దాక్కుంటున్నాను, అంతే. సిస్టరక్క పాతికేళ్ళు ఏ పేరూ లేకుండా పనిచేసింది గానీ ఒక్కరోజు కూడా బాత్రూంలో తలుపు వేసుకోలేదు.

చేరిన ఆరో వారంలో, మిట్టమధ్యాహ్నం, చీనీకాయల తోటలో కూలికి పోయే ఒకామె బిడ్డను భుజాన వేసుకుని వచ్చింది. ఆమె చీర అంచుకు మట్టి అంటి ఉంది. తొమ్మిది నెలల ఆడబిడ్డ, ముందురోజు నుంచి విరేచనాలు. మొగుడు మందులకని కిందికి పోయాడు. ఇద్దరు నర్సులు ప్రయత్నించారు. దొరకలేదు. డాక్టరు దారిలో ఉన్నాడన్నారు. నేను మూల బల్ల దగ్గర కూర్చుని ఎవరిదో జ్వరం లెక్క రాస్తున్నాను. బిడ్డ ఏడుపు వింటున్నాను. ఏడుపు గట్టిగా ఉన్నంతసేపూ ఫరవాలేదు. అది సన్నబడటం మొదలైంది. తర్వాత మూలుగులా మారింది. నా చేతిలో పెన్ను కదలడం మానేసింది.

లేచాను. "నేను చూడొచ్చునా?" అన్నాను. బిడ్డ దగ్గరున్న నర్సు చప్పున పక్కకు జరిగింది. నా చెయ్యి వణుకుతూనే ఉంది. దాచుకోవడానికి చోటు లేదు. వేణ్ణీళ్ళు తెప్పించి గుడ్డ తడిపి బిడ్డ పాదానికి చుట్టాను. తల్లి పక్కనే బల్ల మీద కూర్చుని, "మ్మా, నాకు ఒక్కసారికే దొరక్కపోవచ్చు" అన్నాను. ఆ మాట బయటికి అనడం నా బతుకులో అదే మొదలు.

ఆమె నా వైపు చూడను కూడా చూడలేదు. చూపంతా బిడ్డ మీదే. "ఎన్నిసార్లయినా పొడువు తల్లీ, ఊరికే మాత్రం ఉండొద్దు" అంది.

బిడ్డ పాదం ఎండిన ఆకులా ఉంది. గోళ్ళ సందుల్లో మట్టి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అట్లాగే నిలబడింది. ఎంత నీరు పోయిందో చూశాను. మొదటిసారి సూది పెట్టాను. రాలేదు. కడుపులో పాత భయం ఒక్కసారిగా పైకి లేచింది. చెయ్యి తీసేసి వెళ్ళిపోదామా అనిపించింది. తల్లి బిడ్డ మోకాలు ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది. నేను మళ్ళీ వేలు పెట్టాను. చీలమండ పక్కన, లోపలెక్కడో, ఉందో లేదో అన్నట్టు ఒక కదలిక. నా వేలు ఎట్లా వంగిందో నాకు తెలియదు. గొట్టంలోకి నెత్తురు వచ్చాక గానీ నేను ఊపిరి బిగబట్టి ఉన్నానని తెలియలేదు.

గంటన్నర తర్వాత ఆ తల్లి వార్డు ఆ చివర నుంచి, "సిస్టరమ్మా! సిస్టరమ్మా!" అని గట్టిగా పిలిచింది. పరుగెత్తాను. ఆమె చేతిలో తడిసిన గుడ్డ ఎత్తి చూపిస్తూ, "ఉచ్చ పోసిందమ్మా!" అని నవ్వింది. బిడ్డ ఒంట్లోకి నీళ్ళు చేరాయనడానికి అంతకంటే మంచి గుర్తు లేదు. ఆమె ఆ గుడ్డను నాకూ, పక్క మంచం వాళ్ళకూ, మందులతో పైకి వచ్చిన మొగుడికీ చూపించింది. మూడో రోజు బిడ్డను ఎత్తుకుని వెళ్ళిపోయింది. నా పేరు ఆమె అడగలేదు. మాస్కు తీస్తే ఎట్లా ఉంటానో కూడా ఆమెకు తెలియదు.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. ఇప్పటికీ పులివెందులలోనే పనిచేస్తున్నాను. మాస్కు అవసరమైనప్పుడే పెట్టుకుంటాను. వార్డులో ఒక చిన్న నర్సు ఎక్కడో ఆ వీడియో చూసి, "అక్కా, ఇది నువ్వేనా?" అని పరుగెత్తుకొచ్చింది. అవునన్నాను. ఆ తర్వాత వరసగా తప్పిన సంగతి కూడా చెప్పాను. ఆమె నమ్మలేదు. తర్వాత నేను తప్పినప్పుడు ఆమెను పక్కనే నిలబెట్టుకుని చూపించాను. బిడ్డ దగ్గరికి పోయే ముందు భయం వేస్తుంది. ఇది ఎప్పటికైనా పోతుందని ఎదురుచూడటం మానేశాను. కొన్ని రోజులు అది చెయ్యి పట్టుకునేదాకానే ఉంటుంది, కొన్ని రోజులు సూది పెట్టేదాకా వదలదు. అట్లాంటి రోజుల్లో ఇంకొకరిని పిలుస్తాను.

మొన్న పొద్దున ఒక బిడ్డకు నేను రెండుసార్లు ప్రయత్నించి ఆపేశాను. ఆ చిన్న నర్సును రమ్మన్నాను. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, బిడ్డ మోచేతి మడత దగ్గర వేలు పెట్టి, కళ్ళు కొంచెం మూసి, చాలాసేపు కదలకుండా ఉండిపోయింది. తొందరపడమని అనబోయి ఊరుకున్నాను. ఒక్క సూదికే దొరికింది. ఆమె మొహంలో ఏ సంబరమూ లేదు, టేపు కోసం నా వైపు చెయ్యి చాపింది. నాకు సంతోషం వేసింది. కొంచెం అసూయ కూడా వేసింది. బిడ్డ చెయ్యి కదలకుండా ఒక చేత్తో పట్టుకుని, టేపు పళ్ళతో చింపి ఇచ్చాను.